నేరమంతా కుర్చీదే

మా బాబాయికి ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా నేరం కుర్చీదే. కుర్చీ అందుబాటులో లేకపోతే మంచానిది, మంచం తప్పించుకుంటే మెట్లది, అవీ కాకపోతే చెప్పులది. తన ఒంటిదని గాని, వయసుదని గాని, వేసుకునే మందుదని గాని ఆయన పొరపాటున కూడా అనేవాడు కాదు. కాలు నొప్పి పుడితే ఎవరైనా కాలు పట్టుకుని చూసుకుంటారు. మా బాబాయి టేపు తీసి కుర్చీ కాలు కొలిచేవాడు.

అలాగని ఆయనకు కుర్చీలంటే పగ అనుకోకండి. ఆయన బతుకంతా వాటితోనే గడిచింది. మేముండే మూడంతస్తుల ఇంట్లో కింద వీధివైపు గది ఆయన వడ్రంగి షాపు. కప్పు నుంచి కొక్కేలకు విరిగిన కుర్చీలు వేలాడుతుండేవి. ఒక్కోదాని వీపు మీద సుద్దముక్కతో దాని జబ్బు రాసి ఉండేది: కుంటి, కీచు, నడుం విరుపు. లోపలికి అడుగుపెడితే జిగురు వాసన, రంపపు పొట్టు వాసన. చెవి మీద పెన్సిలు లేకుండా ఆయన్ని నేను చూసింది రెండేసార్లు, రెండుసార్లూ చావు ఇంట్లోనే. షాపు వెనకాల ఒక గది, ఒక వంటిల్లు. అక్కడ ఆయనా పిన్నీ ఉండేవారు. పిన్ని తక్కువ మాట్లాడే మనిషి. ఆ తక్కువ కూడా బాబాయికి ఎక్కువగానే తగిలేది. పై అంతస్తులో నాన్నా నేనూ. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య నలభై రెండు మెట్లు.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. అమ్మ పోయిన ఏడాది తిరగకుండానే నాన్నకు గుండెపోటు వచ్చింది. నాన్న ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. పనిచేసుకుంటూ ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడట. పన్నెండు రోజుల తర్వాత ఆస్పత్రి నుంచి ఒక సంచీడు మాత్రలతో, ఆ మాత్రలన్నిటి మీదా సంచీడు కోపంతో ఇంటికొచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో రేడియో మోగలేదు. కిటికీ తెర తీస్తే వెలుతురు కళ్ళలో పడుతోందనేవాడు, వేస్తే గాలి ఆడటం లేదనేవాడు. అమ్మ కుర్చీలో ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు, తనూ కూర్చునేవాడు కాదు. నాన్న దగ్గితే నా గుండె ఆగేది. దగ్గకపోతే, ఎందుకు దగ్గలేదా అని లేచి వెళ్ళి చూసి వచ్చేదాన్ని.

నాన్నలో ఇంకో ఇబ్బంది ఉండేది. ఏ జబ్బు పేరు చెవిన పడినా సాయంత్రానికల్లా అది ఆయనకు వచ్చేది. పక్కవాటా ఆవిడ చెవిలో హోరు గురించి చెప్పి వెళ్ళిన గంటకే నాన్న తల పక్కకు వంచి చెవి దులుపుకోవడం మొదలుపెట్టాడు. ఇక రక్తపోటు మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం ఆయన చేతికి చిక్కితే చెప్పేదేముంది? మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ప్రూఫు దిద్దినట్టు చదివాడు. రెండు అచ్చుతప్పులూ పదకొండు రోగాలూ దొరికాయి. అచ్చుతప్పులు దిద్ది పక్కన పెట్టేశాడు. రోగాలు మాత్రం ఉంచుకున్నాడు.

ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రల్లో ఇంకొకటి రక్తంలో కొవ్వు తగ్గించేది. మిగతావాటి సంగతి ఎలా ఉన్నా దీన్ని మాత్రం మానకూడదని, మానితే రెండోసారి గుండె ఇంత దయ చూపించదని ఆస్పత్రిలో నన్ను పక్కకు పిలిచి మరీ చెప్పారు. నాన్న సరిగ్గా దాన్నే వేసుకోనని మొండికేశాడు. బతిమాలితే నోట్లో వేసుకునేవాడు. మర్నాడు ఇల్లు ఊడుస్తుంటే పెన్నులు పెట్టుకునే గ్లాసు అడుగున తెల్లగా దొరికేది. నాలుగు రోజుల్లో నాలుగు మాత్రలు దొరికాయి. ఇంకెందుకు బతకాలి అన్న మాట ఆయన పైకి అనలేదు. అనకపోయినా అది ఆ గదిలో వినిపిస్తూనే ఉండేది.

అయిదో రోజు సాయంత్రం బాబాయి చేతిలో ఒక కాగితం ఊపుకుంటూ పైకి వచ్చాడు. అన్నకు గుండెజబ్బు ఉంటే తమ్ముడూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పిందట, చేయించుకున్నాడు. కొవ్వు అంకె నాన్న అంకె కంటే ఎక్కువే తేలింది. పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా ఆ కాగితం నాన్న ముందు పెట్టాడు.

"చూశావా అన్నయ్యా, దీంట్లో కూడా నిన్ను దాటేశాను. నాకూ నీ మాత్రే రాశారు."

అమ్మ పోయాక నాన్న మొహంలో నవ్వులాంటిది కనిపించడం అదే మొదలు. కాగితం తిరగేసి చూసి ఒక మాట అన్నాడు.

"నువ్వు వేసుకుంటే నేనూ వేసుకుంటాను. నువ్వు మానిన రోజు నేనూ మానేస్తాను."

బాబాయి సరేనన్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం ఏడున్నరకు భోజనం కాగానే, చొక్కా జేబులో కాగితం పొట్లంలో తన మాత్ర పెట్టుకుని నలభై రెండు మెట్లూ ఎక్కి వచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరి గొంతు ఒకరు చూసుకుంటూ మింగేవారు. మింగాక బాబాయి నాన్న చేత నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసేవాడు. డబ్బాల్లో కాగితాలు మాత్రం ముందే లాగేసుకునేవాడు. జిగురు తుడుచుకోవడానికి అంత మంచి కాగితం ఎక్కడా దొరకదట.

మూడు నెలలు గడిచాయి. అప్పుడు కుర్చీ మీద మొదటి ఆరోపణ వచ్చింది.

బాబాయి ఒకరోజు భోజనం ముగించి లేవబోయి, సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. కుర్చీ వైపు అనుమానంగా చూశాడు. దీని కాళ్ళు అరిగిపోయాయని, అందుకే లేచేటప్పుడు తొడలు పట్టేస్తున్నాయని తేల్చాడు. మర్నాటికి వాళ్ళింట్లో నాలుగు కుర్చీలకూ నాలుగు వేళ్ళ ఎత్తున చెక్కలు వచ్చాయి. పిన్ని పొట్టి మనిషి. భోజనానికి కూర్చుంటే ఆవిడ పాదాలు గాల్లో ఊగడం మొదలైంది. ఈ వయసులో నన్ను మళ్ళీ బడిపిల్లని చేశారని ఆవిడ అంటే, పాదాలకు గాలి తగలడం మంచిదని ఈయన జవాబు.

పదిహేను రోజులకు ఆ ఎత్తు చాల్లేదు. ఇంకో రెండు వేళ్ళు పెంచాడు. కుర్చీలు పెరిగాయి కాబట్టి బల్ల పొట్టిదైపోయింది, దాన్నీ పెంచాడు. బల్ల పెరిగేసరికి పైన వేలాడే దీపం అందరి నుదుళ్ళకూ తగలసాగింది, దాన్ని కప్పుకు దగ్గరగా కట్టాడు. తర్వాత మంచం. మంచం నాలుగు కోళ్ళ కింద నాలుగు దుంగలు పెట్టాడు. పిన్నికి మంచమెక్కడానికి ఒక పీట చేసిచ్చాడు. పిన్ని పైకి వచ్చి నాతో, వచ్చే నెలకల్లా మేము కప్పుకు ఆనుకునే పడుకుంటాం, మధ్య అంతస్తు వాళ్ళని నేల మీద మెల్లగా నడవమని చెప్పు అంది. ఆవిడ నవ్వకుండా అంది. నేను మాత్రం కడుపు పట్టుకుని నవ్వాను. అలా నవ్వినందుకు తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

కుర్చీల తర్వాత మెట్ల వంతు. ఒక ఆదివారం బాబాయి టేపు పట్టుకుని నలభై రెండు మెట్లూ కొలిచాడు. పదిహేడో మెట్టు మిగతావాటి కంటే అరంగుళం ఎత్తుందని పట్టుకున్నాడు. దాని మీద సుద్దతో 'దోషి' అని రాశాడు. ఇంటి ఓనరు దగ్గరికి వెళ్ళి ఆ మెట్టు మీద ఫిర్యాదు చేశాడు. ముప్ఫై ఏళ్ళుగా మీరే కదండీ దాన్ని ఎక్కుతున్నారని ఆయన అంటే, ముప్ఫై ఏళ్ళుగా అది ఓపిక పడుతోంది, ఇప్పుడు తన గుణం చూపిస్తోందన్నాడు. ఆ తర్వాత సాయంత్రాలు నేను ఆఫీసు నుంచి వస్తూ ఆయన్ని తరచు మెట్ల మీదే చూసేదాన్ని, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉండేవాడు. పదిహేడో మెట్టును తిట్టడానికి ఆగానని చెప్పేవాడు. కొన్నిసార్లు తొమ్మిదో మెట్టు దగ్గరా, ఇరవై ఆరో మెట్టు దగ్గరా కూడా ఆగి ఉండేవాడు. అడిగితే, ఇవి దానికి చుట్టాలు అనేవాడు.

నేను నీళ్ళ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరివాళ్ళు చెప్పే ఫిర్యాదులు రాసుకోవడమే నా ఉద్యోగం. పైపు పగిలిందని చెప్పడానికి వచ్చినవాళ్ళు దేని గురించి చెబుతున్నారో, అసలు దేని గురించి బాధపడుతున్నారో ఇట్టే తెలిసిపోతుందని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇంట్లో మనిషి సంగతి మాత్రం నాకు నెలల తరబడి తెలియలేదు.

వానాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దున ఆఫీసుకు వెళుతూ షాపులోకి తొంగి చూశాను. బాబాయి నేల మీద, రంపపు పొట్టులో కూర్చుని ఉన్నాడు. చిత్రిక పట్టే పలక పక్కన పడి ఉంది. పనిబల్ల కాలు రెండు చేతులతో పట్టుకుని లేవడానికి ప్రయత్నించాడు. లేవలేకపోయాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మూడోసారి మోకాళ్ళ దాకా వచ్చి ఆగి, తల బల్లకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అప్పుడే నా నీడ పడిందేమో, చటుక్కున నేల మీద చెయ్యి ఆడిస్తూ, మేకు పడిపోయిందమ్మా, వెతుకుతున్నా అన్నాడు. నేను కూడా కూర్చుని వెతికాను. మేకేమీ లేదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

తర్వాతి వారం సోఫా గొడవ జరిగింది. రెండు వీధుల అవతల ఉండే సంగీతం టీచరమ్మ సోఫాలో స్ప్రింగు పాడైందని కబురు చేసింది. బాబాయి చూడటానికి వెళ్ళాడు. వెళ్ళి, ఎలా ఉందో చూద్దామని అందులో కూర్చున్నాడు. అది మెత్తటి సోఫా, నేలకు జానెడు ఎత్తు. మధ్యాహ్నం మూడింటికి నాకు ఆఫీసుకు ఫోను వచ్చింది.

"మీ బాబాయిగారు మా సోఫాని ఇంకా పరీక్షిస్తూనే ఉన్నారండీ. రెండు గంటలైంది. మూడు టీలు కూడా అయ్యాయి" అంది టీచరమ్మ మొహమాటంగా.

నేను వెళ్ళేసరికి పాఠానికి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు ఆయనకు చెరోపక్కన కూర్చుని పాడుతున్నారు. బాబాయి తాళం వేస్తున్నాడు. మొహం మాత్రం చెమటతో తడిసిపోయి ఉంది. నన్ను చూడగానే తాళం ఆపాడు.

"అమ్మాయ్, ఈ సోఫా మంచిది కాదు. మనిషిని వదలదు."

టీచరమ్మా నేనూ చెరో భుజం కిందా చెయ్యి వేసి పైకి లేపాం. పళ్ళ బిగువున లేచాడు. లేచేటప్పుడు గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. వెంటనే సోఫా వైపు తిరిగి, నీకు సిగ్గు లేదని చివాట్లు పెట్టాడు. పిల్లలు నవ్వారు. నేనూ టీచరమ్మా నవ్వలేదు. ఇంటికి వచ్చే దారిలో సన్నగా వాన పడుతోంది. ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగాడు. ఆగినప్పుడల్లా చెప్పు విప్పి, లోపల రాయి ఉందేమోనని దులిపాడు. రాయి ఒక్కసారీ పడలేదు. ఒకచోట చెప్పు చేతిలోనే పట్టుకుని వానలో చాలాసేపు నిలబడిపోయాడు.

ఆయన షాపులోకి వెళ్ళాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. రోజూ తొడలకు మందు రుద్దుకుంటున్నారని, ఆ గొట్టం పనిముట్ల పెట్టెలో ఉలుల కింద దాస్తున్నారని చెప్పింది. షాపులో తీసుకున్న పని సగం వెనక్కి పంపేస్తున్నారట. "అడిగితే మంచం అంటారు, కుర్చీ అంటారు. నా దగ్గర కూడా అదే పాట" అంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళదామంటే బాబాయి వంద సాకులు చెప్పాడు. నేను వదల్లేదు. చివరికి ఒప్పుకున్నాడు గాని ఒక్క షరతు పెట్టాడు, మీ నాన్నకు తెలియకూడదని. కుర్చీలు బాగుచేసే మనిషి తనే బాగులేడంటే నామోషీ అనుకున్నాను. కలప కొనడానికి వెళుతున్నామని నాన్నకు చెప్పి బయల్దేరాం.

డాక్టరమ్మ గదిలో బాబాయి ముందు కుర్చీని పరీక్షించి, తర్వాత కూర్చున్నాడు. ఎక్కడ నొప్పి అని ఆవిడ అడిగింది. తొడలు, పిక్కలు, ఈ మధ్య భుజాలు కూడా అన్నాడు. ఒక పక్కనా, రెండు పక్కలా అంది. రెండు పక్కలా సమానంగానే అన్నాడు. అంతా మా ఇంటి కుర్చీల వల్లేనని కూడా చెప్పాడు.

"కుర్చీ వల్ల అయితే ఇంత న్యాయంగా రెండు వైపులా పంచదండీ" అంది ఆవిడ రాసుకుంటూనే.

మూత్రం ముదురు రంగులో వస్తోందా అని అడిగింది. లేదన్నాడు. ఈ ఏడాదిలో కొత్తగా మొదలుపెట్టిన మందులేమిటని అడిగింది. బాబాయి వంగి కుర్చీ కాలు చూడసాగాడు. నేనే కొవ్వు మాత్ర పేరు చెప్పాను. ఆవిడ కలం ఆపి ఆయన వైపు చూసింది. రక్తపరీక్ష రాసింది. రెండు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగేది ఒకటుందట, అది ఉండాల్సినదానికి నాలుగింతలు ఉంది. విటమిన్ డి బాగా తక్కువగా ఉంది, థైరాయిడ్‌లో లోపం ఏమీ లేదు. ఇది ఆ మాత్ర పనే అయివుంటుందని, ఈ రోజు నుంచే ఆపేయాలని డాక్టరమ్మ చెప్పింది.

"ఆపలేనమ్మా" అన్నాడు బాబాయి.

"ఎందుకని?"

"నేను ఆపితే మా అన్నయ్య ఆపేస్తాడు. అలా మాట ఇచ్చుకున్నాం. పైగా దీనివల్ల నొప్పులొస్తాయని తెలిస్తే సాయంత్రానికల్లా ఆయనకీ వస్తాయి. ఆయన మనసు అలాంటిది. వదిన పోయాక ఆయనకు ఏదో ఒక సాకు కావాలి, అంతే. ఆ సాకు నా నోటి నుంచి రాకూడదమ్మా."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఎన్నాళ్ళుగా ఈ నొప్పి?"

"ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలలుగా ఎవరికీ చెప్పలేదా?"

"కుర్చీలకు చెప్పాను" అన్నాడు బాబాయి.

నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. కింద ఆస్పత్రి ఆవరణలో ఎవరో గొడుగు దులుపుకుంటున్నారు. ఇన్ని నెలలుగా నేను చెప్పుకుని చెప్పుకుని నవ్విన కథలన్నీ, ఎత్తు పెంచిన బల్లా, దుంగల మీద మంచమూ, సుద్దతో రాసిన మెట్టూ, ఒక్కొక్కటే వచ్చి ముందు నిలబడ్డాయి. ఎవరో ఒకరి మీద నేరం మోపకపోతే మాత్ర మీదికి వస్తుందని ఆయన ఇంట్లో ఉన్న సామానంతటినీ అడ్డం పెట్టాడు.

డాక్టరమ్మ ఆయన్ని మెచ్చుకోలేదు. చాలామందికి ఈ మాత్ర వల్ల ఏ ఇబ్బందీ రాదని, మీ అన్నయ్యగారికి రాలేదంటే ఆయనకు పడినట్టేనని మెల్లగా వివరించింది. మీకు వచ్చింది, అది మీ తప్పు కాదంది. దాచడం మాత్రం తప్పేనంది. ఇంకా ముదిరి ఉంటే కండరం కరిగి మూత్రపిండాల మీద పడేదట.

"మొదటి నెలలోనే చెప్పి ఉంటే మందు మార్చేదాన్ని. ఇన్ని నెలలు ఇలా నడవాల్సిన పనే లేదు" అంది.

ఆరు వారాలు పూర్తిగా ఆపాలి. మళ్ళీ పరీక్ష. తగ్గితే వేరే రకం మాత్ర, చిన్న మోతాదులో, వారానికి మూడు రోజులు. అంతా విని బాబాయి ఒక్కటే అడిగాడు. ఈ ఆరు వారాలూ ఏడున్నరకు నేనేం మింగాలి అని. అదే రంగులో ఏదైనా ఉత్త మాత్ర ఇవ్వమన్నాడు. అబద్ధపు మాత్రలు తను రాయనని, మీ అన్నయ్యకు మీరే నిజం చెప్పాలని ఆవిడ ఖచ్చితంగా అంది. ఆ తర్వాత చీటీ దగ్గరికి లాక్కుంది.

"విటమిన్ డి తక్కువగా ఉంది కదా, రోజుకొక మాత్ర రాస్తున్నాను. ఇది నిజం మాత్రే. ఏ వేళకు వేసుకుంటారో, ఎవరి ఎదురుగా వేసుకుంటారో నేను అడగను."

బాబాయి ఆ చీటీని చెవి మీద పెన్సిలుకు చుట్టినంత పని చేసి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఆరు వారాలూ నాకు ఏడున్నర అంటే భయంగా ఉండేది. అన్నదమ్ములు మామూలుగానే కూర్చునేవారు. ఒకరు గుండె మాత్ర, ఒకరు విటమిన్. నాన్న తన మాత్ర వంక, తమ్ముడి మాత్ర వంక ఒకసారి చూసి మింగేవాడు. నేను మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ గోడ వైపు చూసేదాన్ని. నిజం చెప్పమని బాబాయిని రెండుసార్లు అడిగాను. రేపు అన్నాడు, ఇంకోసారి మళ్ళీ రేపు అన్నాడు. మూడో వారానికి నొప్పి సగం తగ్గింది. అయిదో వారానికి షాపులోంచి చిత్రిక చప్పుడు ఉదయమంతా ఆగకుండా వినిపించింది. పిన్ని వంటపని ఆపి గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటుండగా చూశాను. పరీక్షలో అంకె మామూలుకు వచ్చింది. కొత్త మాత్ర మొదలైంది, నొప్పి తిరిగి రాలేదు.

ఆ తర్వాత పదిరోజులకు పక్క ఊరి హోటలు వాళ్ళు నలభై కుర్చీలు బాగుచేయాలని బాబాయిని పిలిచారు. ఒక రోజు అక్కడే ఉండాల్సి వచ్చింది. వెళుతూ నాతో, ఏడున్నరకు నువ్వు ఎదురుగా ఉండు, మాటల్లో పెట్టి మింగించు అని పదిసార్లు చెప్పాడు. సరిగ్గా ఆ రోజే పెద్ద పైపు పగిలి, ఆఫీసులో ఫిర్యాదులు చీమల బారులా వచ్చాయి. పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేసరికి ఎనిమిది దాటింది. నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఖాళీ గ్లాసు.

"వేసుకున్నావా నాన్నా?"

"వేసుకున్నాను."

"బాబాయి లేడుగా?"

"వాడు లేకపోతే నాకు మింగడం రాదా?" అన్నాడు నాన్న. తర్వాత కాసేపు గ్లాసును బల్ల మీద తిప్పుతూ కూర్చున్నాడు. "వాడి కాళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి?"

నాన్న నా జవాబు కోసం ఆగలేదు.

"యాభై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మొహం. ఇక్కడి నుంచి లేచేటప్పుడు వాడి మొహం ఎలా అయ్యేదో నాకు కనిపించదా? మందుల షాపాయన్ని అడిగితే చెప్పాడు, కొందరికి ఇలా అవుతుందని. ఆ మాట విన్న సాయంత్రమే నాకూ మొదలైంది. రెండు తొడలూ."

ఎప్పుడు, ఎన్నాళ్ళు అని అడిగాను. మూడు నెలలన్నాడు. మరి ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదన్నాను.

"చెబితే వాడు కంగారుపడి నా చేత మాన్పించి తనూ మానేస్తాడు. వాడి అంకె నాకంటే ఎక్కువ. నా సంగతి నాకు పెద్ద పట్టింపు లేదు గాని, వాడు పోతే నేనెలా ఉంటానే? అందుకని రోజూ వాడి నోట్లో మాత్ర పడిందా లేదా అని చూసుకుని, నాదీ మింగేవాణ్ణి." నాన్న తొడ మీద అరచేత్తో ఒకసారి తట్టి చూసుకున్నాడు. "వాడు సుళువుగా లేవడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకూ తగ్గింది. ఇప్పుడు బొత్తిగా లేదు."

మర్నాడు సాయంత్రం బాబాయి వచ్చాక, పిన్నిని కూడా పైకి పిలిచి, వీళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నేను మొత్తం చెప్పేశాను. ఎవరి మాత్ర మారిందో, ఎవరి తొడలు నొప్పి పెట్టాయో, ఎవరి కోసం ఎవరు దాచారో అంతా. అన్నదమ్ములిద్దరూ దొంగతనం చేస్తూ ఒకరికొకరు ఎదురుపడ్డవాళ్ళలా చూసుకున్నారు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఏడుపు వచ్చేటట్టే ఉంది. బాబాయే ముందు నోరు తెరిచాడు.

"నీది ఉత్త నొప్పి అన్నయ్యా. నాది రక్తపరీక్షలో తేలిన నొప్పి."

"పరీక్షలో తేలని నొప్పే కష్టంరా. ఎవరూ నమ్మరు" అన్నాడు నాన్న.

తనది నాలుగింతలు ఉందని బాబాయి అన్నాడు. నాది కొలిచినవాడెవడని నాన్న అడిగాడు. తను ఎనిమిది నెలలు భరించానని బాబాయి, తను తొడలతో పాటు వీడి కబుర్లు కూడా భరించానని నాన్న. అమ్మ పోయిన తర్వాత ఆ గదిలో ఎవరైనా గొంతు పెంచి మాట్లాడటం అదే మొదలు. పిన్ని లేచి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"ముందు మాత్రలు వేసుకోండి. తర్వాత పోట్లాడుకోండి" అంది.

వేసుకున్నారు. వేసుకుని, ఎక్కడ ఆపారో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టారు.